చమ్కీ కోటు లోపలివైపు

స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో చమ్కీ అక్కది కిటికీ పక్క మిషను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆవిడ సూది కింద పారేది బూడిద రంగు గుడ్డ ఒక్కటే. బూడిద చొక్కా, బూడిద నిక్కరు, బూడిద గౌను. ఈ మాత్రానికి దేవుడు మనిషికి కళ్లెందుకిచ్చాడా అనిపించే రంగు అది. అలాంటిచోట కూర్చున్న మనిషికి ఆ పేరెలా వచ్చిందంటే, ఒక పాటగాడి వల్ల వచ్చింది.

అభిమానులు ఆయన్ని మెరుపన్న అంటారు. ఒంటి నిండా చమ్కీలతో, డ్రమ్ముల మోతలో, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి గెంతుతూ పాడేవాడు. పెళ్లయిన కొత్తలో అక్క ఆయన కోటు చూసి, అలాంటిదే తనకొకటి కుట్టుకుంది. అది చూసి పక్కింటావిడ కుట్టించుకుంది, పక్కింటావిణ్ణి చూసి ఆవిడ మరిది. చివరికి అక్క చేతి కోటు లేనివాడు అసలు అభిమానే కాదన్నంత దూరం వెళ్లింది వ్యవహారం. హాల్లో ముందు వరుస అక్కది. ఆవిడ లేస్తే అందరూ లేస్తారు, ఆవిడ ఈలేస్తే హాలంతా ఈలేస్తుంది. షెడ్డులో పేరు పెట్టి పిలిచే దిక్కు లేని మనిషి అక్కడ మహారాణి.

అక్కకి ఒక చాదస్తం ఉంది. చమ్కీల వెనక దారం ముళ్లు ఒంటికి గుచ్చుకోకుండా కోటు లోపల లైనింగు వెయ్యాలి కదా. షెడ్డులో మిగిలిన బూడిద ముక్కల్ని ఓనరు ఊరికే ఇచ్చేవాడు. అవి అతికి, ఒక్క పోగు బయటికి రాకుండా, లోపలివైపు కూడా బయటివైపంత నీటుగా కుట్టేది. లిఫ్టులు రిపేరు చేసే మొగుడు నవ్వేవాడు.

"లోపల ఎవడు చూస్తాడే?"

ఎవడూ చూడకపోతే తనకి తెలుస్తుంది కదా అనేది అక్క. ఆయనకి ఇంకో సరదా కూడా ఉండేది. షో నుంచి రాగానే, మీవాడు ఏం పాడాడో ఓ ముక్క పాడి వినిపించమని అడిగేవాడు. అక్క నోరు తెరిస్తే ఈలే తప్ప పాట వచ్చేది కాదు.

అంతా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుంటే మెరుపన్నకి ఏం పుట్టిందో ఏమో, కొన్నాళ్లు కనబడకుండా పోయాడు. మళ్లీ కనిపించేసరికి తెల్ల చొక్కా, చేతిలో గిటారు, కింద ఓ స్టూలు. డ్రమ్ముల వాళ్లని పంపేశాడట. గెంతడం మానేశాడట. కొత్త పాట ఫోన్లలోకి రాగానే అభిమానుల నోళ్లకి పని దొరికింది. ఒంట్లో బాగాలేదని ఒకరు, పెళ్లాంతో గొడవైందని ఒకరు, సన్యాసం పుచ్చుకుంటాడని ఒకరు. బాగుందన్న నలుగురు కూడా ఆ మాట తలుపేసుకుని అన్నారు. అభిమాన సంఘం ప్రెసిడెంటు టైర్ల షాపాయన. జోలపాటకి టిక్కెట్టు పెడతారా అని ఊగిపోయి, ఆ వారమంతా టైర్లకి గాలి కూడా సరిగ్గా కొట్టలేదు.

అక్కకి మాత్రం కోపం కాదు, ఏడుపొచ్చింది. షెడ్డులో ఇరవై మిషన్ల చప్పుడు మధ్య ఫోను చెవికి ఆనించి వింది. ఏమీ వినబడలేదు, వినబడనిది నచ్చలేదు. "నా బతుక్కి మెరిసేది అదొక్కటే. అదీ పీకి పారేశాడు" అని మొగుడి దగ్గర ముక్కు చీదింది. వెల్లవేసిన గోడలా కూర్చునే మనిషి కోసం ఇన్నేళ్లు కళ్లు పొడుచుకుని చమ్కీలు కుట్టానా అని ఆవిడ బాధ.

టైర్ల షాపులో సభ జరిగింది. ఆదివారం మెరుపన్న షోకి అందరూ చమ్కీ కోట్లతోనే వెళ్లాలి. మొదటి పాట మొదలవగానే అక్క లేవాలి, వెనకే అందరూ లేచి బయటికి నడవాలి, దాంతో మెరుపన్నకి బుద్ధి రావాలి. అక్క సరేనని మాటిచ్చింది. మాటంటే మాటే ఆవిడకి.

ఆ ఆదివారం హాలు ధగధగలాడిపోయింది. మెరుపన్న వచ్చి స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. అక్క లేవబోయింది. గలగలమని చప్పుడు. ఏమిటా అని చూస్తే తన చెయ్యే. డ్రమ్ముల మోతలో ఇన్నేళ్లూ బయటపడని చప్పుడు. వెనక ఎవరు కాలు కదిపినా, గోక్కున్నా, హాలంతా ఎండుటాకుల్లో కోళ్లు తిరిగినట్టుంది. ఆ గలగల సందుల్లోంచి ఆయన గొంతు వచ్చింది. ఒకచోట వణికింది. ఇంత పెద్ద మనిషికి భయమేస్తోందని అక్కకి తెలిసిపోయింది. ఆ వెంటనే ఇంకో సంగతీ తెలిసి సిగ్గేసింది. ఇన్నేళ్లలో తను ఆయన గొంతు ఒక్కసారీ వినలేదు. ఆయన పాడుతున్నంతసేపూ తను ఈలేస్తూనే ఉంది.

"లే అక్కా" అంటూ వెనక నుంచి ప్రెసిడెంటు భుజం పొడిచాడు. పొడిస్తే భుజం గలగలమంది, పాటలో ఓ ముక్క ఆ చప్పుడులో మునిగిపోయింది. అక్కకి ఒళ్లు మండింది. ఇచ్చిన మాట పోతే పోయింది, పాట పోకూడదు అనుకుంది. మెల్లగా కోటు విప్పి, లోపలిది బయటికి తిరగేసి, మళ్లీ తొడుక్కుంది. చమ్కీలు లోపల నోరు మూసుకున్నాయి. ఆవిడ హాయిగా వినసాగింది.

వెనకవాళ్లకి ఇదంతా ఏం తెలుసు? అక్క ఏం చేస్తే అది చెయ్యడమే వాళ్లకి అలవాటు. ప్రెసిడెంటు బుర్ర గోక్కుని తన కోటూ తిరగేశాడు. వెనక వరుస, దాని వెనక వరుస, అలా అంతా తిరగేసుకున్నారు. పదిమంది మాత్రం మాట ప్రకారం లేచి వెళ్లారు. తలుపు దాకా గలగలలాడుతూ వెళ్తుంటే, ఉష్ ఉష్ అని హాలంతా వాళ్లని కసిరింది.

పాట అయ్యాక మెరుపన్న కళ్లు తెరిచాడు. హాలంతా బూడిద రంగు. "కాళ్లు వణుకుతాయనే స్టూలు తెచ్చుకున్నాను. మీరు నాకోసం మెరుపులు కూడా దాచేసుకున్నారు" అన్నాడు. ప్రెసిడెంటు భోరుమని ఏడ్చి లైనింగుకే ముక్కు తుడుచుకున్నాడు. చప్పుడు వల్ల తిప్పానని అక్క ఎవరికీ చెప్పలేదు. ఆ మాటతో ఎవరికి ఏం ఒరుగుతుంది?

ఇంటికొచ్చేసరికి మొగుడు అన్నం తింటున్నాడు. ఎగాదిగా చూసి, కోటు తిరగేసి వేసుకున్నావేమిటే, దార్లో ఎవరైనా చూశారా అన్నాడు.

"హాలంతా చూసింది. మెరుపన్న కూడా చూశాడు" అంది అక్క.

ఆయనకి అర్థం కాలేదు. అలవాటుగా, సరేలే, ఏం పాడాడో పాడు అన్నాడు, ఈల కోసం నవ్వుకి సిద్ధమవుతూ. అక్క గోడకి ఆనుకుని కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా, వణికినచోట వణుకుతూ, చిన్నగా పాట పాడసాగింది. ఆయన నవ్వలేదు. ముద్ద కంచంలోనే వదిలేసి, లేచి వెళ్లి గరగరమంటున్న ఫ్యాను ఆపేశాడు.