బోర్డు వైపు తిరగని సారు

నిన్న మధ్యాహ్నం మా బడి వెనక పత్తిచేలో పురుగుల మందు కొట్టారు. ఎమ్మిగనూరు గాలికి ఒక పద్ధతా పాడా? ఉన్నట్టుండి ఇటు తిరిగి, ఆ ఘాటంతా నేను పాఠం చెప్పే మూడో తరగతి గదిలోకి తెచ్చిపోసింది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకున్నారు. నేను మాత్రం రాయడం ఆపి నా చెయ్యి చూసుకున్నాను. సుద్దముక్క పట్టుకున్న నా కుడిచేతి వేలి కణుపు మీద ఒక పాత మచ్చ ఉంది. అది మా ఖాసీం సారు చేసిన గాయం. పిల్లల మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి చేశాడంటే ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ నమ్మరు.

మాది ఆస్పరి దారిలో చిన్న ఊరు. నా చిన్నప్పుడు బడి అంటే ఒకే గది, అందులోనే అయిదు తరగతులు. ఆదోని నుంచి పొద్దున బస్సుకు సారు ఒక్కడే వచ్చేవాడు. నన్నూ, తర్వాత నా తమ్ముడు ఈరన్ననూ బడిలో వేసినప్పుడు మా నాయన అందరు తండ్రుల్లాగే చింతబరికె వెంట తెచ్చాడు. "కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు వలవండి సార్, నేనేమీ అడగను" అన్నాడు. అది అప్పటి మర్యాద. సారు బరికె తీసుకుని మూలన పెట్టి, "తోలు మీరే పెట్టుకోండప్పా. కండ్లు మాత్రం నాకు కావాల" అన్నాడు. మా నాయన ఇంటికొచ్చి, ఈ సాయిబుల సారుకు కొంచెం తిక్క ఉన్నట్టుందని అమ్మతో చెప్పాడు.

తిక్క అనే మేమూ అనుకున్నాం. గోల పెరిగితే ఏ సారైనా గొంతు పెంచుతాడు. ఈయన తగ్గించేవాడు. ఏం చెబుతున్నాడో వినపడక మేమే ఒకర్నొకరు గదమాయించుకుని నోరు మూసుకునేవాళ్లం. బోర్డు మీద రాసేటప్పుడు కూడా మాకు వీపు చూపేవాడు కాదు. పక్కకు నిలబడి, చెయ్యి మాత్రం అటు చాచి, ముఖం మా వైపే పెట్టి రాసేవాడు. అందుకే ఆయన రాత ఎప్పుడూ గట్టు ఎక్కుతున్నట్టు పైకి పోయేది. 'పక్కచూపు సారు' అని పేరు పెట్టుకున్నాం. పలక పగిలితే మాత్రం ఎవరు పగలగొట్టారని ఆయన వెతకాల్సిన పని ఉండేది కాదు. "నేనే సార్" అని ఎవరో ఒకరు లేచేవాళ్లు. "సెప్పినావు కదా, కూసో" అనేవాడు. అంతే.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు ఎండాకాలం బడి కడవ పగిలింది. ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోమన్నారు. పత్తికి మందు కొట్టడం అప్పుడప్పుడే మా ఊళ్లో మొదలైంది. మందు అయిపోయాక మిగిలే డబ్బాలు చూడముచ్చటగా ఉండేవి, బిగుతైన మూతలు. అంత మంచి డబ్బాను పారేసే ఇల్లాలు మా ఊళ్లో లేదు. అమ్మ ఒకదాన్ని బూడిదతో తోమి, కడిగి, నీళ్లు నింపి నా చేతికిచ్చింది. సారు లెక్క రాస్తున్నాడు. నేను మూత తీసి డబ్బా ఎత్తాను. అది పెదవికి తగలకముందే నా వేళ్ల మీద పిడుగు పడ్డట్టయింది. డస్టరు. చెక్క అంచు తగిలి రక్తం కారింది, డబ్బా దొర్లింది, నీళ్లు నేలపాలయ్యాయి.

ఏడవడం కూడా మరిచిపోయాను. దెబ్బ కంటే, కొట్టింది సారన్న సంగతే మింగుడుపడలేదు. సారు డబ్బాను కాలితో తిప్పి చూశాడు. గీకగా మిగిలిన కాగితం మీద సగం పుర్రె బొమ్మ ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ నీళ్లు ఇంగెవురన్నా తాగినారా?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతారు? నా చేతి నుంచి రక్తం కారుతోంది. ఆయన ఇన్నేళ్లుగా సంపాదించిన నమ్మకం ఆ ఒక్క డస్టరుతో పోయింది. అది ఆయనకు మాకంటే ముందే అర్థమైనట్టుంది. బిడ్డ ప్రాణం పోతోందేమోనని ఆయన గుండె ఎంత కొట్టుకుందో గానీ, అరవలేదు. వచ్చి మా మధ్య నేల మీద కూర్చున్నాడు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"డబ్బాను కొట్టబోతి, పాపకు తగిలె. తప్పు నాది. ఇంగ ఎవుర్నీ ఏమీ అనను. తాగినోళ్లు సెప్పండప్పా."

మా అందరి ముఖాల మీదుగా ఆయన చూపు మెల్లగా పోయింది. ఒకటో తరగతి వరసలో ఒక చెయ్యి లేచింది. లేచిందని కూడా అనలేం, చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను తాగితి సార్. బడికొచ్చే దావలో, అక్క సూడకుండా," అన్నాడు ఈరన్న. అప్పటికే వాడి నోటి నుంచి చొంగ కారుతోంది.

సారు వాణ్ణి ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. పత్తి లారీ ఒకటి ఆదోనికి పోతుంటే అడ్డం నిలబడి ఎక్కాడు. పోతూ పోతూ, "డబ్బా ముట్టద్దండి, పాఠం సదువుకోండి" అన్నాడు. మేం చదివాం. నాయన చేను నుంచి పరుగెత్తుకొచ్చేసరికి సారు లేని గదిలో అయిదు తరగతులూ ఏడుస్తూనే చదువుతున్నాయి. ఇంకొంచెం ఆలస్యమైతే పిల్లవాడు దక్కేవాడు కాదని ఆదోని డాక్టరు అన్నాడట. ఈరన్న బతికాడు.

టీచరు ట్రైనింగులో సీటు వచ్చినప్పుడు సారు దగ్గరికి వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని ముందు మచ్చ చూశాడు. "బోర్డు వైపు ఎందుకు తిరగరు సార్? మేం అల్లరి చేస్తామనా?" అని అడిగాను.

"అల్లరి సెవులకే తెలుస్తాది గదమ్మా. తప్పు సేసినోడు సెయ్యి పూర్తిగా ఎత్తడు. ఎత్తినాడని మనకు తెలియాల."

నా రాత కూడా గట్టు ఎక్కుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. నిన్న ఆ ఘాటు లోపలికి వచ్చినప్పుడు కిటికీలు మూయించి, మళ్లీ బోర్డు దగ్గర పక్కకే నిలబడ్డాను. ఆ రోజు సారు మాకు వీపు చూపించి ఉంటే? లేదా ఆ డస్టరు మొదటిది కాక, రోజూ విసిరేదే అయ్యుంటే? నా చేతిలో డబ్బా ఆయన కంట పడేది కాదు, తమ్ముడి చెయ్యి లేచేది కాదు. అందుకే పిల్లల చేతుల్ని తల పైన వెతకను, చెవుల దగ్గర వెతుకుతాను.