మొదటి పేజీ అబద్ధం

మా మేనత్త నన్ను ఒక మాట అడిగింది. నేను దానికి సరైన జవాబు చెప్పలేదు. ఇన్నేళ్లుగా గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నది అదే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టేది కాదు. తర్వాత పట్టడం మొదలైంది. ఇప్పుడు శుభ్రంగా పడుతోంది, అందుకే భయం వేసి చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. పేర్లు మార్చాను, మిగతాదంతా జరిగిందే. ఈ ‘మిగతాదంతా జరిగిందే’ అన్న మాట ఇంతకు ముందు కూడా ఒకచోట రాశాను. అప్పుడది అబద్ధం. ఇప్పుడు నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడగను? నమ్మినా నమ్మకపోయినా వినండి.

నాది చోడవరంలో మందుల కొట్టు. మధ్యాహ్నం పూట బేరాలుండవు. ఆ టైములో కౌంటరు వెనక కూర్చుని నవలలు రాసేవాణ్ణి. ఎలాంటివో మీకు తెలిసే ఉంటుంది. రెండు వేల ఏళ్ల క్రితం బౌద్ధ భిక్షువులు ఏదో రహస్యం కొండలో దాచిపెడతారు. ఈ కాలంలో ఒక సైంటిస్టు అమ్మాయి, ఒక పురావస్తు శాఖ కుర్రాడు దాని వెంట పడతారు. వాళ్ల వెంట విలన్లు పడతారు. గుహలుంటాయి, శాసనాలుంటాయి, హెలికాప్టర్లుంటాయి. హెలికాప్టర్ని నేను దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. నా సైన్సంతా మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాల మీదిది. ఆ కాగితాలు ఎవరూ చదవరు, నేను చదివేవాణ్ణి. అందులోంచి నాలుగు పెద్ద మాటలు తీసి భిక్షువుల నోట్లో పెట్టేవాణ్ణి. మా ఆవిడ దీన్ని టైంపాసు అనేది. నాకు ఒళ్లు మండేది.

ఇంట్లో వాళ్లలో నా రాతలు చదివింది నర్సమ్మత్త ఒక్కతే. మా నాన్న చెల్లెలు. రావికమతం వైపు పల్లెలో ఉండేది. మావయ్య పోయాక చెరకు మడి తనే చూసుకునేది. అద్దె పుస్తకాల రోజుల నుంచీ ఆవిడకి థ్రిల్లర్ల పిచ్చి. ఏడిపించే కథలంటే విసుగు. ఎవరినైనా ఎవరైనా తరుముతుంటే చాలు, పొయ్యి మీద అన్నం మాడినా లేచేది కాదు. షుగరు మాత్రలకని నెలనెలా నా కొట్టుకొచ్చి, మాత్రల సంగతి వదిలేసి, తర్వాతి చాప్టరులో ఏమవుతుందో చెప్పమని ప్రాణం తీసేది. నేను చెప్పకుండా ఊరించేవాణ్ణి. ఆ కాసేపే నేను రచయితని, మిగతా రోజంతా మాత్రలమ్ముకునేవాణ్ణి.

అచ్చయిన నా మొదటి నవల కూడా ఆ తరహాదే. మా వైపున్న ఒక కొండని తీసుకున్నాను. దాని మీద పెద్ద పెద్ద పాత ఇటుకలు దొరుకుతాయి, బౌద్ధులవని అంటారు. అక్కడి వరకు నిజమే. కథలో భిక్షువులు చెప్పుల్లేకుండా దేశమంతా తిరుగుతారు, కాళ్లు పుళ్లు పడతాయి. ఆ కొండ కింద నల్ల మట్టిని రాగి చెంబులో నీళ్లతో నానబెట్టి పూస్తే ఎలాంటి పుండైనా మానిపోతుంది. రాగిలోని నానో కణాలు మట్టిలోని సూక్ష్మజీవులతో కలిసి చర్మాన్ని మళ్లీ పుట్టిస్తాయని నా సైంటిస్టు అమ్మాయి రెండు పేజీలు వివరిస్తుంది. చివర్లో ఒక సొంత మెరుపు కూడా తగిలించాను. మందు పనిచేస్తోందనడానికి మొదటి గుర్తు నొప్పి పోవడం. పుండు ముందు నల్లబడుతుంది, కంగారు పడకూడదు, తర్వాత లోపల్నుంచి కొత్త చర్మం వస్తుంది. సస్పెన్సు కోసం రాసిన ముక్క అది.

ఈ రకం నవలలకి ఒక ఆనవాయితీ ఉంది. కథ మొదలవక ముందే ఒక పేజీలో ప్రకటన వేస్తారు. నేనూ వేశాను. ‘ఈ నవలలోని స్థలాలు, చారిత్రక అంశాలు, శాస్త్రీయ వివరాలు అన్నీ వాస్తవం. పాత్రలు మాత్రమే కల్పితం.’ ఆ పేజీ చదివితే పాఠకుడికి ఒళ్లు జలదరించాలి. అంతకు మించి దాని గురించి ఆలోచించలేదు. అందరూ వేస్తారు కదా, ఎవరు నమ్ముతారు?

నవల వచ్చిన రోజు మాడుగుల హల్వా తెప్పించి బంధువులందరికీ పంచాను. షుగరున్న మనిషికి హల్వా పట్టుకెళ్లిన మందుల కొట్టువాణ్ణి నేనే అయ్యుంటాను. ఆవిడ చిటికెడు నోట్లో వేసుకుని, పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. ఆటోలో ఎక్కినా బస్సెక్కినా పక్కవాళ్లకి చూపించేదట, మా అన్న కొడుకు రాశాడని.

ఆ చలికాలం చెరకు కొట్టిన మడిలో వట్టి కాళ్లతో నడుస్తుంటే మోడు దిగింది ఆవిడ అరికాల్లో. నాకు చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఏదో పనిమీద అటు వెళ్లి ఆవిడ ఇంటి దగ్గర ఆగాను. అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన వాడకట్టు ఆడవాళ్లు నలుగురు. కాలికి మడమ దాకా నల్లటి మట్టి పట్టించి ఉంది. పక్కన రాగి చెంబు. నేను అడక్కుండానే అర్థమైంది. ఒక్క క్షణం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు సంతోషం వేసింది.

"ఒరే బాబూ, సమయానికొచ్చేవు. ఈళ్లు నమ్మడం నేదురా. ఈ మట్టి సంగతి నిజవేనా? నువ్వే సెప్పు."

ఆ నలుగురూ నా వంక చూశారు.

"మొదటి పేజీలోనే రాసేను కదత్తా," అన్నాను.

"అదే నేనూ సెప్తన్నాను. సదువుకున్నోడు, మందుల కొట్టోడు, ఉత్తినే రాస్తాడేటి? నొప్పి ఇసుమంత నేదురా. నువ్వు రాసినట్టే."

"ఎందుకేనా మంచిది, ఓసారి డాక్టరుకి కూడా చూపించు," అన్నాను.

"సూపిద్దాం లెద్దూ. కూకో, టీ పెడతాను."

టీ తాగి వచ్చేశాను.

ఈ నాలుగు మాటల్ని నేను ఎన్నిసార్లు తిరగేసి ఉంటాను? డాక్టరుకి చూపించమన్నాను కదా అని ఒకప్పుడు దాన్నే పట్టుకుని వేలాడేవాణ్ణి. కానీ ఎలా అన్నాను? గొడుగు పట్టుకెళ్లు అన్నట్టు అన్నాను. షుగరు ముదిరిన మనిషికి కాళ్లలో స్పర్శ పోతుందని, మేకు దిగినా తెలీదని, నొప్పి లేకపోవడమే అన్నిటికన్నా చెడ్డ గుర్తని నాకు తెలుసు. కొట్టుకొచ్చే ప్రతి షుగరు పేషెంటుకీ చెప్పులు లేకుండా తిరగొద్దని నేనే చెబుతాను. పుండు ఎండడానికి వేసే మాత్రలు నా కొట్టులో చేయి చాపితే అందే అరలో ఉంటాయి. అంతా తెలిసి ఎందుకు నోరు మెదపలేదు? ఆ నలుగురి ముందు అత్త తల దించుకోవాల్సి వస్తుందనా? అలాగని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఆవిడ దృష్టిలో నేను పడిపోతానని. నా రాతని నమ్మిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆవిడతో అదంతా ఉత్తిదే అత్తా అనలేకపోయాను. ఇంటికెళ్లాకైనా ఫోను చేయొచ్చు. మర్నాడు చేద్దామనుకున్నాను. ఆ మర్నాడు కూడా అనుకున్నాను.

పుండు నల్లబడింది. కంగారు పడకూడదని పుస్తకంలో ఉంది కాబట్టి ఆవిడ కంగారు పడలేదు. జ్వరం వచ్చి మాట తడబడితే గాజువాకలో ఉండే కూతురు పైడి పరుగెత్తుకొచ్చి విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చింది. మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పటికే విషం ఒంటికెక్కింది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు తెలివిలోనే ఉంది. నన్ను దగ్గరకి రమ్మని, గొంతు తగ్గించి, తప్పు తనదేనంది. నేను కొండకి తూర్పు వైపు మట్టి అని రాశానట, తను మోకాళ్ల నొప్పులకి అంత దూరం నడవలేక రోడ్డు పక్కనే తవ్వించి తెచ్చుకుందట. పుస్తకాన్ని అనవద్దని వాడకట్టు ఆడవాళ్లకి చెప్పమంది. తూర్పు అని నేను ఎందుకు రాశానో నాకే గుర్తు లేదు. సూర్యోదయం సీను కోసం అనుకుంటాను. అప్పుడైనా చెప్పానా? లేదు. తలూపాను. రెండు రోజులకి పోయింది.

దినాల్లో పైడి నా పక్కన కూర్చుని ఏడ్చింది. అమ్మ ఆ కాలికి ఏం రాసుకుంది బావా అని అడిగింది. ఏదో నాటు మందట అన్నాను. రోజూ ఫోను చేసి కాలెలా ఉందని అడిగితే నొప్పి లేదే అనేదట, తనని కంగారు పెట్టడం ఇష్టంలేక అబద్ధమాడిందట, ఆ అబద్ధాన్ని నమ్మి ఇంట్లో కూర్చున్నానని తల బాదుకుంది. నీ తప్పేం లేదన్నాను. ఓదారుస్తున్నాననుకుంది. ఇప్పటికీ ఆ సంగతి వస్తే పైడి అదే మాటంటుంది, అమ్మ నాతో నిజం చెప్పలేదని. నేనూ ఇప్పటికీ అదే జవాబిస్తాను. అలవాటైపోయింది. గొంతు కూడా వణకదు.

ఆ తర్వాత నేను రాయడం మానేశాను. మానేసినంత మాత్రాన పుస్తకం మాయమవదు. పబ్లిషరు దాన్ని ఫోన్లో చదువుకునే యాప్‌లో పెట్టించాడు, మొదటి పేజీతో సహా. తీసేయమని ఒక్క మాట అంటే ఎందుకని అడుగుతాడు. అందుకని అడగలేదు.

ఈమధ్య ఆ యాప్‌లో నాకొక మెసేజి వచ్చింది. ఎవరో పాఠకుడు. నవల అద్భుతం సర్, మా నాన్నగారికి కాలి పుండు మానడం లేదు, ఆ మట్టి కొండకి తూర్పున సరిగ్గా ఎక్కడ దొరుకుతుంది అని. ఈసారి వెంటనే జవాబిచ్చాను. అదంతా కల్పితం, అలాంటి మందు లేదు, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి అని రాశాను. కాసేపటికి అతని జవాబొచ్చింది. ‘అర్థమైంది సర్. బయటపెట్టకూడదని మీ మీద ఒత్తిడి ఉందన్నమాట. మీ నవల్లో ప్రొఫెసరు కూడా ఇలాగే అంటాడు కదా.’

నిజమే, అంటాడు. నా నవలల్లో నిజం తెలిసినవాడెప్పుడూ ముందు అదంతా అబద్ధమనే అంటాడు. పాఠకులకి అలా నేర్పింది నేనే. మా అత్త దానివల్లే చచ్చిపోయిందని అతనికి రాశాను. ఆ మాట నా చేత్తో రాయడం అదే మొదటిసారి. అతను చూసినట్టు యాప్‌లో గుర్తు కనిపించింది, జవాబు రాలేదు. మళ్లీ రాశాను. రాలేదు. అతని ఊరేదో కూడా నాకు తెలీదు. పబ్లిషరుకి ఫోను చేసి పుస్తకం తీసేయమన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. తీసేస్తానన్నాడు.

అలా ఇద్దరికి చెప్పాక మూడో మనిషికి చెప్పడం అంత కష్టం కాలేదు, అందుకే ఇది మీకు రాస్తున్నాను. తేలికపడ్డానా? కొంచెం. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. ఉన్నది ఒక్కరి చేతుల్లోనే. ఆ మనిషికి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. పేర్లు మార్చినా తను చదివితే పోల్చుకుంటుంది. పోల్చుకోవాలనే ఇంత వివరంగా రాశాను.

పైడీ, అమ్మ నీతో అబద్ధమాడలేదు. తనకి నిజంగానే నొప్పి లేదు. ఎందుకు లేదో నాకు ఆ రోజు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నప్పుడే తెలుసు.