బుట్టలోంచి దిగి నడిచిన దారి

సహోదరులారా, సహోదరీలారా, నా పేరు మరియమ్మ, ఇక్కడే చోడవరంలో చిన్న తరగతులకి పాఠాలు చెప్పే పంతులమ్మనని మీలో చాలామందికి తెలుసు. కానీ ఏళ్ళ తరబడి నా ఇంటి పెరటి తలుపు నేను తియ్యలేదని మీకు తెలీదు. తీస్తే మాడుగుల వైపు కొండలు కనిపిస్తాయి, వాటిని చూస్తే నాకు ఒళ్ళంతా చెమట పట్టేసేది.

మా ఆయన పాడేరు ఘాట్‌లో పోయేరు. ముసురు పట్టిన రోజు, ఇద్దరం ఒక లారీలో కొండెక్కి ప్రార్థన కూడికకి వెళ్తన్నాం, మలుపులో చక్రం జారింది, లారీ లోయలోకి ఒరిగిపోయింది. నేను తుప్పల్లో చిక్కుకుని బతికేను, ఆయన దక్కలేదు! అప్పట్నుంచి నాకు మేడ మెట్లెక్కినా కళ్ళు తిరిగేవి, నూతిలోకి తొంగి చూడలేకపోయేదాన్ని, అనకాపల్లి బస్సులో కూడా కిటికీ పక్కన కూర్చునేదాన్ని కాదు. ప్రార్థన చేసేను, ఉపవాసం ఉన్నాను, భయం మాత్రం పోలేదు.

మాకు ఒక్కతే కూతురు, ఎస్తేరు. నర్సు చదివి, పెళ్ళయ్యాక భర్తతో కలిసి నేపాల్ కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో పనికి చేరింది. ఆ ఊరికి బస్సు లేదు, రోడ్డు లేదు, కొండల్లో రోజుల తరబడి నడవాల్సిందే. అక్కడ దానికి రెండు కాన్పులు పోయేయి, సహోదరులారా, రెండుసార్లూ పక్కన నేను లేను. మూడోసారి కడుపుతో ఉండి కబురంపింది: "అమ్మా, ఈసారి నువ్వొస్తేనే నాకు ధైర్యం."

విశాఖపట్నం రైల్వేలో పనిచేసే మా తమ్ముడు దేవదానం నాకు తోడొస్తానన్నాడు, వాడికి హిందీ వచ్చు. బస్సు రోడ్డు ఆగిపోయే ఊళ్ళో, నడిచెళ్ళే విదేశీయులకి గైడునీ, మూటలు మోసే మనుషుల్నీ ఏర్పాటుచేసే ఆఫీసు ఒకటుంది, ముందే చెప్పి పెట్టుకోవాలి. దేవదానం వివరాలన్నీ తెప్పించి, మా ఇంటి గచ్చు మీద సుద్దముక్కతో దారులు గీసి చూపించేడు.

"సూడప్పా, ఇది ఏటి ఒడ్డునే పోయే దారి, నీకు భయం లేదు గానీ సుట్టు తిరుగుడు. ఇది కొండగట్టు మీంచి పోయే దారి, నాలుగు రోజులే, కానీ పక్కనంతా లోయ."

"ఏటి దారిలో వెళ్తే పురిటికి అందుతామేట్రా?" అన్నాను.

"అందలేమప్పా," అన్నాడు వాడు. అప్పుడే ఇంకో సంగతి చెప్పేడు, నడవలేనివాళ్ళని అక్కడి కూలీలు వెదురుబుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకెళ్తారట. నేను ఎగిరి గంతేసేను! కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు కదా, గట్టుదారే ఖాయం చెయ్యి, బుట్ట కూడా చెప్పు అన్నాను. మర్నాడు భయమేసి వద్దన్నాను. ఆ మర్నాడు మళ్ళీ సరే అన్నాను. వాడు విసుక్కోకుండా ప్రతిసారీ ఆ ఆఫీసుకి టెలిగ్రాం ఇచ్చేడు, దేవుడు వాణ్ణి దీవించునుగాక!

గోరఖ్‌పూర్ దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సుల్లో వెళ్ళేం. కొండ రోడ్డంతా నేను ముసుగేసుకునే ఉన్నాను. ఆఫీసు దగ్గర మా గైడు కలిసేడు, దిల్ బహదూర్ అని, పూర్వం సిపాయి, నెమ్మదైన మనిషి. పొద్దున్నే నన్ను బుట్టలో కూర్చోబెట్టేరు, కూలీ లేచి నడిచేడు. అయ్యో, ఎవరూ ముందు చెప్పలేదు! బుట్టలో మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి, వదిలొచ్చిన లోయంతా నా కాళ్ళ కిందే కనిపిస్తంది! కళ్ళు మూసుకుంటే లారీ ఒరిగినట్టే ఉంది. కెవ్వుమని అరిచేను, దింపెయ్యమన్నాను, రాయి మీద కూలబడి ఇంటికెళ్ళిపోదాం అని ఏడ్చేను.

దిల్ బహదూర్ హిందీలో ఏదో అన్నాడు. దేవదానం తెలుగులో చెప్పేడు, "అప్పా, తిరిగెళ్దామంటే తీసుకెళ్తానంటన్నాడు. ముందుకెళ్దామంటే నీ అడుగే తన అడుగంటన్నాడు. నువ్వే సెప్పు."

అక్కడ ఆ రాయి మీద నేను చేసిన ప్రార్థన ఇదే: "ప్రభువా, ఇన్నేళ్ళూ భయం తీసెయ్యమని అడిగేను, నువ్వు తియ్యలేదు. ఇంక అది అడగను. నా బిడ్డ దగ్గరికి నా కాళ్ళని నడిపించు, అంతే చాలు."

లేచేను. దిల్ బహదూర్ తన నడుముకి చుట్టుకున్న గుడ్డ విప్పి ఒక కొస నాకిచ్చేడు. మర్నాడు కొండచరియ విరిగిపడిన చోటొచ్చింది, అడుగు వెడల్పు దారి, కింద చూస్తే ఏరు దారంలా ఉంది. దేవదానమే బిగుసుకుపోయేడు. నేను "యేసయ్యా, యేసయ్యా" అని గట్టిగా కేకలేస్తూ, ఏడుస్తూ, ఆ గుడ్డ పట్టుకుని అడుగు తీసి అడుగేసేను. భయం నా పక్కనే నడిచింది, సహోదరులారా, కానీ నా కాళ్ళని ఆపలేకపోయింది! అవతలికి చేరేక దిల్ బహదూర్ చేతులు జోడించి నవ్వేడు. అప్పుడు తలెత్తి చూసేను, ఎదురుగా మంచు కొండలు, కింద మెట్లు మెట్లుగా పచ్చటి పొలాలు. మా ఆయన పోయేక కొండని చూసి బాగుందనుకోవడం అదే మొదలు. ఇంత అందం చేసినవాడి మీదా నేను అలిగి తలుపు వేసుకున్నాను అని వెక్కి వెక్కి ఏడ్చేను.

మేం చేరేసరికి ఎస్తేరు గుమ్మంలో ఉంది, నిండు చూలాలు. "బుట్టలో వచ్చేవా అమ్మా?" అంది. "నడిచొచ్చేనే!" అన్నాను. అది నమ్మలేదు, వంగలేక వంగి బురద పట్టిన నా పాదాలు ముట్టుకుని చూసింది. పురుడు చాలా కష్టమైంది, ఒక దశలో డాక్టరమ్మ మొహం చూసి నాకు ఆశ పోయింది, అయినా నా బిడ్డ చెయ్యి వదల్లేదు, ప్రార్థన ఆపలేదు. తెల్లారేక ఆడపిల్ల ఏడుపు వినిపించింది. ఇద్దరూ క్షేమం! దేవునికే మహిమ!

ప్రియులారా, మీలో ఎవరికి ఏ భయం ఉందో నాకు తెలీదు. ఆసుపత్రి గుమ్మం ఎక్కలేనివాళ్ళున్నారేమో, రాకపోకలు తెగిన బంధువు ఇంటికి వెళ్ళలేనివాళ్ళున్నారేమో. భయం పోయేక బయల్దేరదామని కూర్చోకండి. నేను వణుకుతూనే బయల్దేరేను, ఆయన నన్ను వణుకుతూనే నడిపించేడు. ఆయన మీద ఆనుకుని ఒక్క అడుగు వెయ్యండి. ఆయన నమ్మదగినవాడు.