కొండయ్య బోటులో అందని నట్టు

లూకా కాపురం చేసిన ఏ అద్దె ఇంటి గోడకూ మేకు కొట్టలేదు. బాపట్లలో పుట్టాడు, తెనాలిలో డీజిలు మెషీన్ల పని నేర్చుకున్నాడు, మళ్ళీ బాపట్ల పోయాడు, చెరుకుపల్లిలో కొన్నాళ్ళు ట్రాక్టర్లు బాగుచేశాడు, ఆఖరికి రేపల్లెలో తేలాడు. ఎక్కడ దిగినా చొక్కాలు తాడు మీదే, క్యాలెండరు గోడకు ఆనించి నేల మీదే. పెళ్ళానికి తల్లిదండ్రులు సామ్రాజ్యం అని పేరైతే పెట్టారు గానీ, అద్దం తగిలించుకునేందుకు జానెడు గోడ లేదామెకు. బియ్యం డబ్బా మీద అద్దం నిలబెట్టుకుని, వంగి తల దువ్వుకునేది.

"మేకు కొడితే ఇంటాయన తిడతాడే," అనేవాడు లూకా.

ఇంటాయన ఏమీ అనడని ఆమెకు తెలుసు. మేకు కొడితే ఆ ఊళ్ళో ఉండిపోవాల్సి వస్తుందేమోనని ఈయన భయం. కాళ్ళ కింద చీమలు పాకుతున్నట్టు ఒకచోట నిలవడు. కంచం ముందు కూర్చున్న మనిషి మధ్యలో లేచి, ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి వెళ్ళి వీధి చూసి వస్తాడు. వీధిలో ఏముంటుంది? వీధే ఉంటుంది. ఇక పని ఒకటి చెడిందా, ఆ ఊరే చేదయిపోతుంది. రేకుపెట్టె తాళానికి నూనె రాస్తాడు. తాళానికి నూనె పడిందంటే సామాను బండెక్కినట్టే.

రేపల్లెలో మాత్రం సామ్రాజ్యం కదలదలుచుకోలేదు. స్టేషను దగ్గర వీధిలో, ఇంటి అరుగు మీద, తన చేత్తో మట్టి పిసికి ఊక పొయ్యి వేసుకుంది. పొద్దుటి బండికి వెళ్ళేవాళ్ళందరికీ ఆమె ఇడ్లీయే. "నీ మెషీన్లు చక్రాల మీద పోతాయయ్యా, నా పొయ్యి పోదు," అని మొగుడికి ముందే చెప్పింది.

తుఫాను వచ్చిన మరుసటేడు, దసరాల్లో, ఆ పొయ్యికి గండం వచ్చింది. నిజాంపట్నంలో కొండయ్య అనే ఆయన బోటుకి డీజిలు పంపు చెడింది. తుఫానుకి దెబ్బతిన్న బోటు అది. బాగుచేసేటప్పుడు వడ్రంగి మెషీను గదిని మరీ ఇరుకు చేశాడు. పంపును తెనాలి తీసుకెళ్ళి బాగుచేయించాలంటే దాన్ని బిగించిన నట్లు విప్పాలి. ముందున్నవి వచ్చేశాయి. ఒక్కటి మాత్రం పంపు వెనకాల, మెషీనుకి అతుక్కుని దాక్కుంది. వేలికి తగులుతుంది, కంటికి కనపడదు. తిన్నని పానా అందులో దూరదు. మెడ వంచిన రింగు పానా కావాలి.

పనికి పిలిపించిన లూకా తన దగ్గరున్న పానాల్లో ఒకదాన్ని కాల్చి వంచాడు. అది డీజిలు గొట్టానికి అడ్డంపడింది. ఇంకోటి వంచాడు. అది నట్టు మీద కూర్చుంది గానీ తిరగడానికి చోటు లేదు. చుట్టూ ఉన్న బోట్లు రొయ్యలతో తిరిగొస్తుంటే కొండయ్య ఒడ్డున నిలబడి చూస్తున్నాడు.

"తమ్ముడూ, వారం చివరిదాకా చూస్తా. అప్పటికీ కాకపోతే బందరు నుంచి మనిషిని తెచ్చుకుంటా. ఏమీ అనుకోమాక," అన్నాడు.

అనుకోకుండా ఎలా ఉంటాడు? బందరు మనిషి వచ్చాడంటే హార్బరులో లూకా ముఖం ఎవడూ చూడడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నూనె సీసా ఎక్కడుందని అడిగాడు.

"నూనె తర్వాత. అలాంటి పానా ఎవరి దగ్గరుందో చెప్పు," అంది సామ్రాజ్యం.

లూకా నసిగాడు. తెనాలిలో పని నేర్పిన పాండురంగారావు దగ్గరుంది. కానీ ఆయనతో పోట్లాడి, నీ గడప తొక్కనని అరిచి వచ్చాడు.

"తొక్కొద్దులే. నేను తొక్కుతా. నువ్వు వీధిలో నిలబడు."

మర్నాడు ఇద్దరూ ప్యాసింజరు బండిలో తెనాలి వెళ్ళారు. దారి పొడుగునా లూకా తలుపు దగ్గరే నిలబడ్డాడు, తను కూర్చుంటే బండి ఆగిపోతుందన్నట్టు. తీరా చూస్తే ఆ రోజు విజయదశమి. చర్చికి పోయే ఇంట్లో వాళ్ళకి ఆ సంగతి తట్టలేదు. పాండురంగారావు షెడ్డులో పనిముట్లన్నీ ఎర్రగుడ్డ మీద పరిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. మధ్యలో, బంతిపూల కింద, మెడ వంగిన పానా పెళ్ళికొడుకులా పడుకుని ఉంది.

"గురువుగారూ," అన్నాడు లూకా గడప బయటనుంచే.

పాండురంగారావు కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఎవరది? నా గడప తొక్కనన్న పెద్దమనిషేనా?"

"తొక్కలేదండీ. బయటే ఉన్నాడు చూడండి," అంది సామ్రాజ్యం. జరిగిందంతా చెప్పింది.

ముసలాయన నవ్వాపుకున్నాడు. "పూజలో పెట్టిన ఇనుము రేపు ఉద్వాసన చెప్పేదాకా కదలదమ్మాయ్. రేపైనా ఇవ్వను. వంచిన పానా ఎవడిది వాడి దగ్గరే ఉండాలి, వాడి చేతికే లొంగుతుంది. కావాలంటే చూసుకోమను. ముట్టుకోకూడదు."

లూకా చెప్పులు విప్పి గడప తొక్కాడు. తొక్కనన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. మూలనున్న ఇనప తీగ ముక్క తీసుకుని, పానాకి తగలకుండా పైన పట్టుకుని, ఆ వంపు ఎలా పోతే అలా తీగను వంచడం మొదలుపెట్టాడు. గాల్లోనే కొలత. చెయ్యి వణికితే పువ్వు కదులుతుంది. సామ్రాజ్యం అలాగే చూస్తూ ఉండిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన అంతసేపు ఒకచోట కూర్చోగా ఆమె చూసింది అదే మొదలు.

"వంచాక నీళ్ళల్లో ముంచకురోయ్," అన్నాడు ముసలాయన. "ఊక బూడిదలో కప్పెట్టి, దాన్ని కన్న సంగతి మర్చిపో. దానంతటది చల్లారాలి."

అప్పటికే లూకా తీగ పట్టుకుని సగం వీధి దాటాడు. ఆ మాట విన్నది సామ్రాజ్యమొక్కతే. బండిలో ఆమె మళ్ళీ చెప్పింది. ఊఁ అన్నాడు. రేపల్లెలో దిగీ దిగగానే వెల్డింగు షాపుకి పరిగెత్తి, పానా ఎర్రగా కాల్చి, తీగ ప్రకారం చక్కగా వంచి, నిజాంపట్నం బస్సు హారను వినపడేసరికి బకెట్లో ముంచాడు. చుయ్యిమంది. తడి పానాతోనే బస్సెక్కాడు.

పానా నట్టు మీద ఉంగరంలా కూర్చుంది. లూకా బలంగా లాగాడు. నట్టు కదల్లేదు, పానా మెడ టక్కున విరిగింది. గాజుముక్కలా.

"బాగుంది తమ్ముడూ," అన్నాడు కొండయ్య. "పంపుతో పాటు దీన్నీ బాగుచేయించాలి."

మర్నాడు పొద్దున్న సామ్రాజ్యం పిండి కలుపుతుంటే, లూకా తాళానికి నూనె రాస్తూ కనపడ్డాడు. ఆమె చేతులు కడుక్కుని, తాళం లాక్కుని, బొడ్లో దోపుకుంది.

"ఇటివ్వవే."

"ఇవ్వను. నీళ్ళల్లో ముంచొద్దన్నాడా లేదా?"

"బస్సు పోతుందని..."

"బస్సు పోతే ఇంకో బస్సొస్తది. ఊళ్ళు మార్చినట్టు నట్టు నీ ఎంట రాదయ్యా. అది ఉన్నచోటే ఉంటది. తీగ ఉందిగా? ఇంకో పానా వంచి తీసుకురా. నా పొయ్యిలో పెడదాం."

మధ్యాహ్నానికి పానా వంచాడు. ఎర్రగా ఉన్నదాన్ని పట్టకారుతో పట్టుకుని పరుగున వచ్చాడు. వేడి ఊక బూడిదలో గొయ్యి చేసి ఉంచింది సామ్రాజ్యం. అందులో పెట్టి, పైన మరింత బూడిద కప్పి, పీట వేసుకుని కాపలా కూర్చుంది. పొయ్యి మళ్ళీ వెలిగిస్తే పానా పాడవుతుంది. కాబట్టి మరుసటి పొద్దున ఇడ్లీల్లేవు.

బండికెళ్ళే యాకోబు వచ్చి ఖాళీ అరుగు చూశాడు. "ఇడ్లీ ఏదక్కా?"

"పానా ఉడుకుతోంది. తింటావా?"

"చట్నీ ఉందా?"

"మా ఆయన్ని రుబ్బి పెడతా, కూర్చో."

ఆ ‘మా ఆయన’ మాత్రం వీధి చివరిదాకా పోతున్నాడు, వస్తున్నాడు. పొయ్యి వైపు వంగుతున్నాడు. వంగినప్పుడల్లా ఆమె గరిటె ఎత్తుతోంది. "ఒక్కసారి చూస్తానే," అంటాడు. "చూపు తగిలితే చల్లారదు," అంటుంది. ఇడ్లీకి వచ్చినవాళ్ళంతా వేరే హోటలు వెతుక్కుంటున్నారు. రేపు తిరిగొస్తారో రారో తెలియదు. అయినా ఆమె లేవలేదు. బూడిద మీద అరచెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగిలాక గానీ జరగలేదు.

లూకా పానా తీసుకుని వెళ్ళాడు. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. సామ్రాజ్యం కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆయన జబ్బు తనకంటుకున్నట్టు వీధి కూడా చూసొచ్చింది. ఈసారీ విరిగితే? తాళం బొడ్లో దాచినంత మాత్రాన మనిషి ఆగుతాడా? ఏమనుకుందో ఏమో, పక్కింట్లో సుత్తి అడిగి తెచ్చి, గోడకి తన ముఖమంత ఎత్తులో మేకు కొట్టింది. పోతే పోనీ, ఈ ఇంట్లో ఒక్క పూటైనా నిలబడి తల దువ్వుకుని పోతాను అనుకుంది.

చీకటి పడకముందే లూకా వచ్చాడు. భుజాన గోనెసంచి. దాన్ని దింపితే లోపల పంపు. చేతిలో పానా, వంగిన మెడ వంగినట్టే.

"వచ్చిందా?" అంది.

"మొదట మూలిగింది. తర్వాత వచ్చింది. రేపు గురువుగారికి పంపు ఇచ్చొస్తా. కొండయ్య ఏవన్నాడో తెలుసా? పక్క బోటాయన కూడా..." అని చెబుతూ చెబుతూ గోడ చూసి ఆగిపోయాడు.

దగ్గరికి వెళ్ళాడు. మేకు పట్టుకుని ఊపాడు. సుత్తి తీసుకుని దాన్ని పీకేశాడు.

సామ్రాజ్యం చెయ్యి బొడ్లో దోపిన తాళం మీదికి పోయింది.

"ఇంత కింద ఎవరన్నా కొడతారటే? పానా అందరి చేతికీ అందదూ?" అంటూ తలకన్నా ఎత్తున, గోడ అదిరేలా కొట్టాడు. పానా తగిలించి, దూరంగా నిలబడి చూసుకున్నాడు.

"నేను కొట్టుకుంది నా అద్దానికి," అంది సామ్రాజ్యం.

"దానిదేముంది, రేపు ఇంకోటి కొడతా."

"రేపు కాదు. ఇప్పుడు కొట్టు," అంది, సుత్తి మళ్ళీ ఆయన చేతిలో పెట్టి.