ఫ్రిజ్‌కి మధ్యాహ్నపు కునుకు

మా వదిన ఫ్రిజ్‌ల మనిషి. ఆరోగ్య కేంద్రం వెనకవైపు టీకా మందులు నిలవ ఉంచే గది ఒకటి ఉంది. గోడ పొడవునా నాలుగు ఫ్రిజ్‌లు, ఒక బల్ల, ఒక కుర్చీ. ఆ కుర్చీ వదినది. తొమ్మిదేళ్లుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక్కో తలుపూ తీసి, లోపలి థర్మామీటరు చూసి, కాగితం మీద అంకె వేసి, పక్కన సంతకం పెడుతుంది. రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్య ఉండాలి. దాటితే మందు పారబోయడమే. ఆ గదిలో ఆమె మాటకు డాక్టరు కూడా ఎదురు చెప్పడు.

ఒక వానాకాలం రోజంతా కరెంటు పోయి, జనరేటరు మొరాయిస్తే, మందులన్నీ ఐసు పెట్టెల్లో సర్ది, ఆటో మాట్లాడుకుని, మోకాలి లోతు నీళ్లలో ఇంకో కేంద్రానికి చేర్చింది. ఒక్క సీసా పోలేదు. వారం తర్వాత ఆమె పేరున పైనుంచి ఒక కవరు వచ్చింది. మెచ్చుకోలు పత్రమే అనుకుని అన్నయ్య మిఠాయి పొట్లం తెచ్చాడు. విప్పి చూస్తే, అనుమతి లేకుండా డ్యూటీ స్థలం ఎందుకు విడిచి వెళ్లారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని ఉంది. మిఠాయి ఎలాగూ తెచ్చాడు కదా అని తినేశాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వదిన తొందరపడి ముందు రచ్చ గెలిచింది. ఇంట్లో మా నాన్న ఉన్నాడు.

నాన్న ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్. రిటైరై ఆరేళ్లయింది. డిపో నుంచి ఆయన ఇంటికి తెచ్చుకున్నవి రెండు: ఒక స్టీలు ఫ్లాస్కు, ఒక సిద్ధాంతం. ఏ యంత్రానికైనా విశ్రాంతి ఇవ్వాలి, ఇంజను చల్లారనివ్వాలి, లేకపోతే పట్టేస్తుంది. ఇదీ సిద్ధాంతం. మిక్సీ నిమిషం తిరిగితే రెండు నిమిషాలు ఆపాలి. ఫ్యాను గంటకోసారి ఆపాలి. ఇక ఫ్రిజ్ సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం చేసి నడుం వాల్చే ముందు ఆయన వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ స్విచ్ ఆపేవాడు. నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, మళ్లీ వేసేవాడు. తనతోపాటు దాన్నీ పడుకోబెట్టేవాడన్నమాట. చల్లబరిచే యంత్రానికి చల్లారే తీరిక ఇవ్వడమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ ఇంట్లో విశ్రాంతి అక్కర్లేనివాళ్లు ఇద్దరే, అమ్మా వదినా. వాళ్లకు ఇంజను లేదు కదా!

పాప పుట్టేదాకా ఇది వట్టి వేళాకోళం. పుట్టాక కాదు.

వదిన సెలవు అయిపోవచ్చింది. పాపకు డబ్బా పాలు పడవు. రెండుసార్లు పట్టి చూస్తే రెండుసార్లూ కక్కింది. కాబట్టి తన పాలే పిండి సీసాల్లో ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తే, పగలంతా అమ్మ పట్టాలి. డ్యూటీలో చేరడానికి నెల ముందే వదిన అలవాటు కోసం మొదలుపెట్టింది. మూడో రోజు సాయంత్రం పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. వదిన ఎవర్నీ ఏమీ అనలేదు. మర్నాడు ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి, నాలుగింటికి తీసి చూసింది. పదహారు.

అన్నయ్యతో చెప్పింది. అన్నయ్య కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. వేడి ఎటునుంచి ఎటు పోతుందో బోర్డు మీద బాణం గుర్తులేసి మరీ ఏడాదికి రెండొందల మందికి నేర్పుతాడు.

"నిజమే అనుకో. కానీ నాన్నతో ఎవరు చెప్తారు?" అన్నాడు.

వదినే చెప్పింది. "మామయ్యగారూ, ఫ్రిజ్‌ని ఆపకూడదండీ. లోపల చల్లబడగానే దానంతట అదే ఆగుతుంది, వేడెక్కితే మళ్లీ అదే తిరుగుతుంది. దానికి విశ్రాంతి అందులోనే ఉంది."

నాన్న పేపరు దించకుండానే, "అమ్మాయ్, నువ్వు సూదులు చూసినదానివి, నేను ఇంజన్లు చూసినవాణ్ణి," అన్నాడు.

ఆ వారమే ఫ్రిజ్ పోయింది. ఒకరోజు నాలుగింటికి నాన్న స్విచ్ వేస్తే, అది లేవలేదు. నాన్న దాని పక్కన నిలబడి, పోయిన మనిషి గురించి చెప్పినట్టు, "పదిహేడేళ్లు పనిచేసింది. విశ్రాంతి ఇవ్వబట్టే," అన్నాడు.

వదిన డ్యూటీలో చేరడానికి ఇరవై రోజులుంది. చేరకపోతే ఆ కుర్చీ కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. వాళ్లలో ఒకామె మేనమామ పై ఆఫీసులోనే పనిచేస్తాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే తీరిగ్గా పదిహేను రోజులు ఆలోచించారు.

అన్నయ్య ఫోన్లో జనం రాసిన అభిప్రాయాలు చదివి ఒక పట్టిక గీశాడు. పద్నాలుగు ఫ్రిజ్‌లు, తొమ్మిది గుణాలు. ఒకదానికి తలుపు మీద బొమ్మల తెర ఉంది, ఇంకొకటి ఫోన్‌తో మాట్లాడుతుంది. ఇంట్లో మనుషులు మాట్లాడుకోవడానికే దిక్కులేదు, ఫ్రిజ్ మాట్లాడి ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు. నాన్నకు రేకు మందం కావాలి. అమ్మకు తన పెద్ద గిన్నె పట్టాలి. నన్ను కూడా అడిగారు, నీకే రంగు ఇష్టమని. అడగనిది ఒక్క మనిషినే. తొమ్మిదేళ్లుగా జీతం తీసుకుని ఫ్రిజ్‌లు చూస్తున్న మనిషిని ఫ్రిజ్ గురించి అడగడం ఎందుకని కాబోలు.

నాలుగు రోజులే మిగిలాయనగా, గురువారం, అందరం షాపుకి బయల్దేరాం. నాన్న ఫ్లాస్కు తెచ్చుకున్నాడు, అన్నయ్య పట్టిక తెచ్చుకున్నాడు. అమ్మ గుడ్డసంచీలో గిన్నె తెచ్చింది, మూతతో సహా. నేను పాపను ఎత్తుకున్నాను. వదిన చేతిసంచీలో ఏముందో ఎవరూ అడగలేదు.

షాపులో ఫ్రిజ్‌లు పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు వరసగా నిలబడి ఉన్నాయి. లోపల ప్లాస్టిక్ ఆపిల్ పళ్లు. మెడలో టై బిగించుకున్న సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. నాన్న ఒక్కో తలుపునూ వేలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. అమ్మ ఒక్కో అరలో గిన్నె దూర్చి చూసింది.

"అమ్మా, అందరూ చూస్తున్నారే," అన్నాడు అన్నయ్య.

"చూడనీరా. గిన్నె దొంగతనం చేసి తేలేదుగా!"

చివరికి అన్నయ్య పట్టికలో మొదటి స్థానం వచ్చిన దాని ముందు ఆగాడు. రెండు తలుపులు, నీలం దీపాలు, నిలువెత్తు అద్దంలాంటి ముఖం. నాన్న కొట్టి చూసి తలూపాడు. కుర్రాడు బిల్లు పుస్తకం తీయబోతుంటే వదిన నోరు విప్పింది.

"బాబూ, ఇది ఆన్‌లో ఉందా?"

"ఇదొక్కటే ఉంది మేడమ్. మా వాళ్ల మంచినీళ్లు ఇందులోనే పెట్టుకుంటాం."

వదిన చేతిసంచీలోంచి థర్మామీటరు తీసి మధ్య అరలో పెట్టింది. కాసేపాగి చూసింది. నాలుగు. తర్వాత గోడ గడియారం వైపు చూసింది.

"మామయ్యగారూ, ఒంటిగంటయింది. దీనికి విశ్రాంతి ఇవ్వండి."

అందరం ఆమె వైపు చూశాం. ఎగతాళి చేస్తోందేమోనని నాన్న ఆమె మొహం వెతికాడు. మొహంలో ఏమీ లేదు, డ్యూటీ మొహం.

"ఇక్కడా?" అన్నాడు.

"ఇంట్లో రోజూ ఇస్తారుగా. మూడు గంటలు ఆపితే లోపల ఎంతవుతుందో చూసి కొందాం. అరగంటకోసారి మీరే చూసి చెప్పండి, నేను రాస్తాను."

కుర్రాడు మేనేజరును పిలుచుకొచ్చాడు. మేనేజరు ఫ్రిజ్ ధర చీటీ వైపు చూశాడు, ఖాళీ షాపు వైపు చూశాడు, "కూర్చోండి సార్," అని కుర్చీలు వేయించాడు. ఇక నాన్నకు వెనక్కి తగ్గే దారి లేదు. ఆరేళ్ల అనుభవంతో, ఆయనే స్వయంగా స్విచ్ ఆపాడు.

ఇంటిల్లిపాదీ ఆ షాపులో మూడు గంటలు కూర్చున్నాం. పాప రెండుసార్లు నిద్రపోయింది, ఒకసారి నా చొక్కా తడిపింది. అన్నయ్య పట్టిక మడిచి విసురుకున్నాడు. నాన్న అరగంటకోసారి లేచి, కళ్లజోడు సర్దుకుని, తలుపు తీసి అంకె చదివేవాడు.

"ఆరు. చూశారా, ఆరే!"

రెండింటికి, "ఎనిమిదిన్నర. ఫర్వాలేదు."

"మా దగ్గరైతే ఇక్కడే పారబోస్తాం మామయ్యగారూ," అంది వదిన, రాసుకుంటూ.

మూడింటికి పదకొండు. అప్పుడు నాన్న 'ఫర్వాలేదు' అనలేదు. మూడున్నరకు తలుపు గబుక్కున తీసి గబుక్కున వేశాడు, వేడి ఆయన చూడటం వల్లే దూరుతున్నట్టు. అన్నయ్య ఉండబట్టలేక, "తలుపు అన్నిసార్లు తీస్తే మరి..." అని నసిగాడు.

"ఇంట్లో మనం ఇంతకంటే ఎక్కువే తీస్తాం," అంది వదిన. ఫిజిక్స్ అక్కడితో ఊరుకుంది.

సరిగ్గా నాలుగింటికి, నాన్న కంటే ముందు, బిల్లు కౌంటరు అమ్మాయి నీళ్ల సీసా కోసం వచ్చింది. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఛీ, వెచ్చబడిపోయాయి! ఎవరు ఆపారు దీన్ని? బుద్ధుండక్కర్లా?"

కుర్రాడు టై సర్దుకున్నాడు. అమ్మ గిన్నె మూత సరిచేసుకుంది.

"నేనే," అన్నాడు నాన్న. వెళ్లి థర్మామీటరు చూశాడు. చాలాసేపు చూశాడు. "పద్నాలుగు."

వదిన ఆ అంకె వేసి, కాగితం ఆయన చేతికిచ్చింది. "సంతకం పెట్టండి మామయ్యగారూ. చూసినవాళ్లే పెట్టాలి."

పెట్టాడు. ముప్పై ఏళ్లు డిపోలో పెట్టిన చెయ్యి, అలవాటు కొద్దీ పెట్టేసింది. పెట్టాక తను దేనికి సంతకం చేశాడో చదువుకున్నాడు.

అప్పుడు వదిన నా దగ్గర్నుంచి పాపను తీసుకుని, గొంతు పెంచకుండా చెప్పింది. "ఏ ఫ్రిజ్ కొన్నా నాకు ఒకటే. రంగు మీ ఇష్టం, తలుపులు మీ అబ్బాయి ఇష్టం. ఆపితే మాత్రం ఏదైనా ఇంతే. అందులో పెట్టిన పాలు ఈ పాప కడుపులోకి వెళ్తాయి. మధ్యాహ్నం ఆపుతానంటే ఇప్పుడే చెప్పండి, నేను సోమవారం వెళ్లను. కుర్చీ పోతుంది, పోనివ్వండి. కానీ మీరు చెప్పాలి. నేనే మానేశానని రేపు ఎవరూ అనకూడదు."

అన్నయ్య నేల చూస్తున్నాడు. నేల చాలా శుభ్రంగా ఉంది. నేనూ అదే చూస్తున్నానని అప్పుడే గమనించాను. పుస్తకాల్లో చదివిన అన్యాయాలకు రక్తం మరిగినంతగా ఇంట్లో వాటికి మరగదెందుకో.

నాన్న కాగితం మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. గభాలున సేల్స్ కుర్రాడి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఈ కొత్తవాటికి విశ్రాంతి అక్కర్లేదా?"

కుర్రాడు బిక్కమొహం వేశాడు. "అక్కర్లేదు సార్. చల్లబడితే దానంతట అదే ఆగుతుంది, వేడెక్కితే మళ్లీ తిరుగుతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ! మూడు గంటలు కూర్చోబెట్టావు!" అని గర్జించాడు నాన్న. "విన్నారా? వాటంతట అవే ఆగుతాయట. పాతవి వేరు, ఇవి వేరు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. అదే ఆకు టై కట్టుకుని షాపులో నిలబడితే దివ్యౌషధం. నేను ఏదో అనబోయాను. వదిన నా వైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను. ఆమెకు కావలసింది మాట ఎవరి పేరున నిలిచిందని కాదు, నిలిచిందని.

"అవును మామయ్యగారూ, ఆ బాబు బాగా చెప్పాడు," అంది.

నీలం దీపాల ఫ్రిజ్ మాత్రం కొనలేదు. అమ్మ గిన్నె అందులో పట్టలేదు. గిన్నె పట్టింది పట్టికలో పదకొండో స్థానంలో ఉన్న దాంట్లో, దీపాలూ మాటలూ లేని ఒక బూడిదరంగు దాంట్లో. "నా గిన్నె నరికించుకోమంటారా?" అని అమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. పదిహేను రోజుల పరిశోధన ఆ గిన్నెలో మునిగిపోయింది.

శనివారం ఫ్రిజ్ వచ్చింది. సోమవారం పొద్దున వదిన నాలుగు సీసాలు వెనక అరలో వరసగా పెట్టి, అమ్మకు రెండుసార్లు చెప్పి, నాన్నకు ఒక్కసారి కూడా చెప్పకుండా వెళ్లింది. వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుంది.

ఒంటిగంటకు నాన్న భోజనం ముగించాడు. చెయ్యి కడుక్కున్నాడు. లేచి వంటింటి వైపు నడిచాడు. పాపను భుజాన వేసుకుని నేనూ వెనకే వెళ్లాను.

"నీకేం పని ఇక్కడ?" అన్నాడు.

"మంచినీళ్లకి."

స్విచ్ ముందు నిలబడ్డాడు. చెయ్యి లేచింది. ఆరేళ్లుగా రోజూ అదే వేళకు లేచిన చెయ్యి అది, దాని తప్పేమీ లేదు. కాసేపు గాల్లో ఉండి, జేబులోకి వెళ్లి, నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టతో బయటికొచ్చింది. ఒక ముక్క పళ్లతో తెంచి స్విచ్ మీద అడ్డంగా అంటించాడు. ఇంకోటి నిలువుగా. బొటనవేలితో గట్టిగా అదిమాడు.

నేను చూస్తూనే ఉన్నాను. ఆయన ఇబ్బందిగా దగ్గాడు.

"చిన్నపిల్లలున్న ఇల్లు. పొరపాటున నొక్కేస్తారు," అని చెప్పి పడుకోవడానికి వెళ్లిపోయాడు.

ఇంట్లో ఉన్న చిన్నపిల్ల ఒక్కతే. దానికి ఐదో నెల, ఇంకా బోర్లా పడటం నేర్చుకుంటోంది.