సంపూర్ణమ్మ కారుకి వేడి చేసింది

"బెజవాడలో హీటరేంటండీ?" అన్నాడు సాంబమూర్తి. "రేపు మా షెడ్డుకొచ్చి స్వెట్టర్లు కూడా అమ్ముతారా ఏంటి?"

ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే సాంబమూర్తి ఈ మాటన్నది మే నెల మిట్టమధ్యాహ్నం. షెడ్డు పైరేకులు కాలి చిటపటమంటున్నాయి. సంపూర్ణమ్మ ముఖమంతా చెమట. అయినా తుడుచుకోలేదు. తుడుచుకుంటే అతని మాటకు సాక్ష్యం చెప్పినట్టే.

"అమ్మితే మొదటి బేరం నీదేనయ్యా. ముందు హీటరు సంగతి చూడు."

ఆమె తొక్కిన మూడో గుమ్మం అది. మొదటి మెకానిక్కు నవ్వాడు. రెండోవాడు, ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఫోన్ చేయించమన్నాడు. "ఉండేవారు. ఆయనకి కారు నడపడం రాదు" అని చెప్పి వచ్చేసింది.

సంపూర్ణమ్మది భవానీపురం. పుట్టిల్లు మంగళగిరిలో మగ్గాల ఇల్లు. నేసిన చీర ఇంట్లో కూర్చుంటే అమ్ముడుపోదని చిన్నప్పుడే తెలిసింది. పెళ్లయ్యాక ఈ అంబాసిడర్ కొనిపించి, డ్రైవింగ్ నేర్చుకుని, డిక్కీ నిండా చీరలు సర్దుకుని డెల్టా మీద పడింది. ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ. ఏ ఊళ్లో ఆగినా కారు హారన్ రెండుసార్లు కొడితే ఆడవాళ్లు చేతి పని వదిలి వచ్చేవారు. భర్త దుర్గాశంకర్‌కి డ్రైవింగ్ ఏనాడూ అబ్బలేదు. బతికున్నన్నాళ్లూ పక్కసీట్లో మూటలు పట్టుకుని కూర్చుని, "మా ఆవిడ డ్రైవరు, నేను క్లీనర్ని" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ కారు అంతకుముందు ఊటీలో ఒక తేయాకు తోట మేనేజరుది. అందుకే దానికి హీటరుంది. అప్పగించడానికి వచ్చిన ముసలి డ్రైవరు పోతూ పోతూ డాష్‌బోర్డు కింద ఒక మీట చూపించి, "అమ్మా, మీ ఊరి ఎండకి ఎప్పుడైనా ఇంజను మరిగితే ఇది లాగండి" అన్నాడు. వచ్చిన మొదటి వేసవిలోనే హీటరు కొళాయి కారి ఆమె ఎడమ పాదం బొబ్బలెక్కింది. అప్పటి మెకానిక్కు హీటరుకు పోయే రెండు గొట్టాలూ పీకి, ఇంజను దగ్గరే ఒకదానికొకటి కలిపేశాడు. హీటరు మూలపడింది. పాదం మీద మచ్చ మాత్రం మిగిలింది.

ఇప్పుడు మళ్లీ ఆ హీటరు కోసం తిరగడానికి కారణం తమ్ముడు దేవేంద్ర. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు అతనిది. పోయిన నెల ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆగినప్పుడు అక్క కారు బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కింది. క్రేను వచ్చి ఈడ్చుకుపోయింది. వెనక వస్తున్న దేవేంద్ర దాన్ని ఫోన్లో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. కింద "మా అక్క ఆవిరి యంత్రం" అని రాశాడు. సాయంత్రానికి ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పాడు.

"ఇంక చాలక్కా. కారు పాత ఇనుముకి ఇచ్చేద్దాం. స్టాకు నా వ్యాన్‌లో పంపిస్తా. నువ్వు చల్లగా ఏసీలో, నా కొట్లో కౌంటరు దగ్గర కూర్చో."

"కూర్చుని?"

"వచ్చినోళ్లకి నవ్వుతూ నమస్కారం పెట్టు."

"గుమ్మంలో చేతులు జోడించే బొమ్మ పెట్టుకోరా, జీతం కూడా అడగదు" అంది సంపూర్ణమ్మ. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇంకొక్కసారి ఈ కారు ఆవిరి కక్కితే తాళాలు తెచ్చి నీ చేతిలో పెడతా. కక్కకపోతే ఇంకెప్పుడూ కౌంటరు మాట ఎత్తకు" అని కూడా అనేసింది. మాట గ్రూపులోకీ ఎక్కింది. ఇంక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఇదంతా విన్న సాంబమూర్తి తల గోక్కున్నాడు. "రేడియేటరు కడుగుతానండీ, బెల్టు మారుస్తాను. హీటరెందుకు?"

"అవీ చెయ్యి, ఇదీ చెయ్యి. నీకు ఒంట్లో వేడి చేస్తే ఏం చేస్తావు?"

"మజ్జిగ తాగుతానండీ."

"తగ్గకపోతే?"

"మా అమ్మ మాడుకి ఆముదం పెట్టేది. వేడంతా లాగేస్తదని."

"నా కారుకీ వేడి చేసిందయ్యా. మజ్జిగ తాగదు. లోపలి వేడి లాగే దారి ఒకటి కావాలి. హీటరంటే అదే. ఇంజను నీళ్లు దాంట్లోకి వస్తాయి, ఫ్యాను వేస్తే వాటి వేడి కార్లోకి పోతుంది. కార్లో ఉన్నది నేను. నా సంగతి నేను చూసుకుంటా."

సాంబమూర్తి పానా అందుకున్నాడు. డాష్‌బోర్డు కింద దూరి హీటరు పెట్టె ఊడదీశాడు. లోపల చిన్న రేడియేటరు, సన్నటి రాగి గొట్టాలతో. నీళ్లు పోస్తే ఎర్రటి తుప్పు బురద దిగింది. తేటపడేదాకా కడిగి, ఒక కొస మూసి గాలి ఎక్కించి తొట్టెలో ముంచాడు. ఒక మూల బుడగలు లేచాయి. అక్కడ టంకం పెట్టి మళ్లీ ముంచితే నీళ్లు కదల్లేదు. ఫ్యాను మోటారుకి కొత్త వైండింగ్ చేయించాడు. బిగుసుకుపోయిన పాత కొళాయి పారేసి, లేతు మీద ఇత్తడిది చేయించి బిగించాడు. నాలుగో రోజు కారు తీసుకోమని కబురు పెట్టాడు.

సంపూర్ణమ్మ ఇంజను వేడెక్కనిచ్చి మీట లాగింది. ఫ్యాను బుర్రుమంది. గాలి మామూలుగా ఉంది. దిగి బానెట్ ఎత్తి చూసింది. హీటరుకు పోయే గొట్టం చల్లగా ఉంది. పాత మెకానిక్కు కలిపిన ముడి ఎక్కడిదక్కడే ఉంది.

"ఇదేంటయ్యా?"

"అంతా కొత్తదానిలా చేశానండీ. ఎండాకాలం కదా, మీ కాళ్లు కాలతాయని కలపలేదు" అన్నాడు సాంబమూర్తి మర్యాదగా. "చలికాలం రాగానే తీసుకురండి, కలిపేస్తాను."

"చలికాలమా? బెజవాడకా? ఏ సంవత్సరం వస్తుందట?"

షెడ్డంతా నవ్వింది. సాంబమూర్తీ నవ్వి, ముడి విప్పి గొట్టాలు కలిపాడు. ఈసారి మీట లాగితే పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి ఆమె పాదాల మీద కొట్టింది. మచ్చ ఉన్న కాలు ఒక్కసారి వెనక్కి లాక్కుని, మళ్లీ ముందుకు పెట్టింది.

మర్నాడు చీరలు తేవడానికి మంగళగిరి బయల్దేరింది. పక్కన దేవేంద్ర, సాక్షిగా. పొద్దున పోవడం సాఫీగానే జరిగింది. తిరిగొచ్చేటప్పటికి ఎండ నడినెత్తిన ఉంది. బ్యారేజీ సగం దాటేసరికి ముందు కార్లన్నీ ఆగిపోయాయి. గేట్ల దిగువన ఇసుక మెరుస్తోంది. గేజీ ముల్లు ఎరుపు వైపు పాకింది.

దేవేంద్ర జేబులోంచి ఫోన్ తీశాడు.

"తియ్యి, వీడియో తియ్యి" అంటూ సంపూర్ణమ్మ నాలుగు అద్దాలూ దించి, మీట పూర్తిగా లాగింది.

"అక్కా! నా కాళ్లు! నన్ను ఉడకబెడుతున్నావే!"

"నువ్వు ఉడికితే కారు ఉడకదు. కూర్చో."

ముల్లు ఎరుపు అంచున ఆగింది. అటూ ఇటూ వణికింది. ఆమె దాని వంకే చూస్తూ కూర్చుంది. చీర ఒంటికి అతుక్కుపోయింది, పాదాలు మండుతున్నాయి. దేవేంద్ర తలుపు తీసుకుని దిగిపోయాడు. నెత్తిన రుమాలు వేసుకుని, కారు కంటే ముందు నడవసాగాడు.

ముల్లు వెంట్రుకవాసి తగ్గింది. ఆ తర్వాత మరికొంచెం. మధ్యలో నిలబడింది.

ముందు కార్లు కదిలాయి. సంపూర్ణమ్మ తమ్ముడి పక్కగా వచ్చి హారన్ రెండుసార్లు కొట్టింది, చల్లపల్లి ఆడవాళ్లకు కొట్టినట్టు.

"ఎక్కుతావా, నేను గ్రూపులో నీ ఫోటో పెట్టేదాకా నడుస్తావా?"

అతను వెనక తలుపు తీసి, చీరల మూటల మధ్య కూలబడ్డాడు. బ్యారేజీ దాటేదాకా రుమాలుతో కాళ్లు విసురుకున్నాడు. భవానీపురం మలుపులో మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"కౌంటరు మాట ఎత్తనులే. కానీ రేపు చల్లపల్లి స్టాకు ఒక్కటైనా వ్యాన్‌లో పంపిద్దామక్కా. ఎండ మండిపోతోంది."

సంపూర్ణమ్మ అద్దంలో అతని ముఖం చూసింది.

"నీ వ్యాన్‌కి హీటరుందా?"