బాపు సమాధి మీది పాకురు

తొంభైల చివర్లో, నేను ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, నా చదువంతా రూపాయి బిళ్లంత పాకురు దగ్గర ఆగిపోయింది. నాన్నను మేం బాపు అంటాం. ఆ పాకురు ఉన్నది శంషాబాద్‌లో మా బాపు సమాధి మీద, ఎండ తగలని ఉత్తరం పక్కన.

ఇది చెబితే జనం నవ్వుతారు. నవ్వనీ. గోడకు పట్టిన పచ్చదనాన్ని మనవాళ్లు పాకురంటారు, పాచంటారు, నాచంటారు. కాలు జారి నడుము పట్టుకున్నప్పుడే దాన్ని తలుచుకుంటారు. అందులో ఎన్నో రకాలున్నాయని, ఒక్కోదానికి ఒక్కో పేరుందని ఎవరికీ పట్టదు. నాకూ డిగ్రీ దాకా పట్టలేదు. మైక్రోస్కోపు కింద మొదటిసారి చూసిన రోజు నుంచి ఆ పిచ్చి పట్టుకుంది. వానాకాలం వస్తే చాలు, కొత్వాల్‌గూడ బావుల అంచుల్లో, మామిడిపల్లి బండల సందుల్లో నడుం వంచుకుని తిరిగేదాన్ని. దారిన పోయేవాళ్లు ఏదో పోగొట్టుకున్నాననుకుని, నన్నేమీ అడక్కుండానే వాళ్లూ వంగి వెతికేవాళ్లు. మావాళ్ల మంచితనంతో నాకు ఎప్పుడూ ఇదే తంటా.

మా ఊరి చుట్టుపక్కల నాచుమొక్కల మీద డిసర్టేషన్ తీసుకున్నాను. చాలావాటికి పేర్లు దొరికాయి. దొరకనిది ఒక్కటే, బాపు సమాధి మీదిది. అది రిక్సియా అన్నంతవరకు తెలిసింది. నేలకు అతుక్కుని చిన్న పువ్వులా గుండ్రంగా పరుచుకునే మొక్క. మామూలు రిక్సియా నేను బోలెడు చూశాను. దీని అంచు మాత్రం ఊదారంగు, ఆ అంచు వెంబడి కంటికి ఆనని సన్నటి నూగు. ఊరంతా గాలించినా ఇంకెక్కడా కనపడలేదు.

మా గైడు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. కోపమొచ్చినా ‘అండి’ వదిలేవారు కాదు. "రిక్సియా అంటే ఇంటిపేరేనమ్మా. ఇంటిపేరు చెప్పి ఊరుకుంటే మనిషిని ఎవరు పోల్చుకుంటారండీ? అసలు పేరు కావాలి. ఆ పుస్తకం మన లైబ్రరీలో లేదు. ఇంటర్నెట్‌లో అన్నీ ఉంటాయంటున్నారు, చూడండి" అన్నారు. ఆయన ఇంటర్నెట్ చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం దాని మీద భారం వేశాం.

ఇంటర్నెట్ ఉన్నది అత్తాపూర్‌లో. ఆరాంఘర్‌లో బస్సు మారి పోవాలి. ఎస్‌టీడీ బూత్ వెనక అద్దాల గది, అందులో రెండు కంప్యూటర్లు. బూత్ అన్నే దానికీ యజమాని. మొదటి రోజు రిక్సియా అని కొట్టగానే బోలెడు వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది. తెరిచి చూస్తే అన్నీ చేపల తొట్లు అమ్మే దుకాణాలు. తొట్లో అందంగా ఉండటానికి వేసే రిక్సియా ఒకటుందట, దేశాలకు పంపుతారట. మా బాపు సమాధి మీది దాని పేరు ఒక్కడికీ తెలియదు గానీ చేపలకు మాత్రం కావలసినంత.

రెండో వారం ఏదో పరాయి దేశపు కాలేజీ పేజీ దొరికింది. అందులో ప్రశ్నలుండేవి. అంచు పచ్చగా ఉంటే ఫలానా నంబరుకు పో, ఊదాగా ఉంటే ఇంకో నంబరుకు పో. అట్లా ఒక్కో గుమ్మం దాటుకుంటూ ఏడో ప్రశ్న దాకా వెళ్లాను. అక్కడ సిద్ధబీజాల బొమ్మతో పోల్చుకోమని ఉంది. సిద్ధబీజాలంటే ఈ మొక్కకు విత్తనాల బదులుండే నల్లటి పొడి, మొక్క లోపలే దాక్కుని ఉంటుంది. బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగడం మొదలైంది. సగం దిగగానే లైను తెగింది.

"అక్కా, లైన్ పోయింది. జర ఆగు, మల్ల కలుపుత" అన్నాడు బూత్ అన్న.

మళ్లీ కలిపాడు. మళ్లీ సగంలోనే తెగింది. తరవాతి వారం కరెంటు పోయింది. ఆ బొమ్మ పైసగాన్ని నేను నాలుగుసార్లు చూశాను. కిందిసగంలో ఏముందో మాత్రం దేవుడికే తెలియాలి. కంప్యూటర్‌ను తిట్టలేక, బూత్ అన్నను తిట్టడానికి మనసొప్పక, బస్సులో కిటికీ పక్కన కూర్చుని పళ్లు కొరుక్కునేదాన్ని.

ఆ పేజీ అడుగున ఒక పంతులుగారి ఈమెయిల్ ఉంది. బూత్ అన్న నాకూ ఒకటి తెరిచి ఇచ్చాడు. వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని రాశాను. వారానికి జవాబొచ్చింది. మనిషి ఎంత నెమ్మదస్తుడంటే, నా ప్రతి ప్రశ్నకూ విడిగా సమాధానం రాశాడు. సిద్ధబీజాలు నల్లబడేదాకా మొక్కను కదపొద్దు, వానలు తగ్గి అది ఎండటం మొదలైనప్పుడు తీసి పంపితే తాను చూసి పేరు చెబుతానన్నాడు. అంతకుముందే నేను ఒక రేకు గిల్లి తడిబట్టలో చుట్టిపెడితే బూజు పట్టిపోయింది. కాబట్టి ఆయన మాట వినక తప్పదు.

కానీ మాకు వానలు తగ్గేది సరిగ్గా సమాధుల పండుగ ముందే. నవంబర్ రెండో తారీఖున మా చర్చి సంఘంలో అందరూ తమవాళ్ల సమాధుల మీద పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. దానికి ఒకటి రెండు రోజుల ముందు సమాధుల్ని కొబ్బరిపీచుతో తోమి సున్నం వేస్తారు. పాకురు పట్టిన సమాధి అంటే పట్టించుకునే దిక్కులేదని లెక్క. పండుగకు మూడు రోజులుందనగా, సున్నం పడకముందే తీసుకుందామని నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. కాలేజీ నుంచి వచ్చి రోజూ అక్కడికెళ్లి భూతద్దం పెట్టి చూసేదాన్ని. లోపలి పొడి గోధుమరంగుకు వచ్చింది. ఇంకో వారమైతే నల్లబడుతుంది.

అమ్మకు ఇదంతా చెప్పలేదు. బాపు సమాధి మీద గీకి చదువుకుంటున్నానంటే ఏమనుకుంటుందోనని సిగ్గు. ఎక్కడికి పోతున్నావంటే "ఊరికెనే" అనేదాన్ని. తెలివితక్కువదాన్ని.

అక్టోబర్ చివరి వారంలో ఒకరోజు వెళ్లేసరికి బాపు సమాధి ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. చుట్టూ మిగతావన్నీ పాకురుతోనే ఉన్నాయి. పక్కన ఖాళీ బకెట్. అమ్మ కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటోంది.

"సూడు బిడ్డా, ఎట్ల మెరుస్తుందో" అంది. "నువ్వు దినాం ఈడికొచ్చి గా పాకురు దిక్కే సూస్కుంట కూసుంటున్నవని సంఘపోళ్లు చెప్పిన్రు. బాపు సమాధి గిట్ల ఖరాబైందని మనసుల పెట్టుకున్నవనుకున్న. పండుగ దాక ఎందుకు ఆగాలె అని ఇయ్యాల్నే తోమిన. రెండు పూతలేసిన."

నా నోరు మంచిది కాదు. ఆ నోటికి అప్పుడు బూతు దాకా వచ్చింది. సున్నానికి పగిలి ఎర్రగా ఉన్న అమ్మ వేళ్లు చూసి మింగేశాను.

"గీకింది యాడ పోసినవమ్మా?"

"ఇగో, మోరిల."

మోరి కాలువ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. అంతా తెల్లనీళ్లు, మట్టి. చేత్తో కలిపి ఒక్కో పలుకూ భూతద్దం కిందికి తెచ్చుకున్నాను. ఊదా అంచు ఎక్కడా లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే భూతద్దంలో ఏమీ కనిపించలేదు.

అమ్మ లేచి వచ్చింది. "ఏం పోయింది బిడ్డా? చెవి కమ్మ పోయిందా? ఉండు, నేను సుత దేవులాడుత" అంటూ, నేను ఏమీ చెప్పకముందే, ఆ మోకాళ్లతో కష్టంగా వంగి సున్నం నీళ్లలో చేతులు పెట్టింది.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకు చెప్తె కాకపోవునా" అంది చివరికి. అంతే. నన్ను ఏమైనా అని ఉంటే బాగుండేది.

మర్నాడు పంతులుగారికి రాయడానికి అత్తాపూర్ వెళ్లాను. అలవాటు కొద్దీ ఆ పేజీ తెరిచాను. ఆ రోజు లైను తెగలేదు. బొమ్మ చివరి గీత దాకా దిగింది. నల్లటి సిద్ధబీజాలు, వాటి మీది గళ్లతో సహా స్పష్టంగా కనిపించాయి. బూత్ అన్న నా వెనక నిలబడి, "వచ్చింది గద అక్కా, ఇగ పరేషాన్ లేదు" అన్నాడు. నేను తలూపాను. పక్కన పెట్టి పోల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

డిసర్టేషన్‌లో ఆ మొక్కను ఇంటిపేరుతోనే రాసి ఇచ్చాను. మా గైడు చూసి పెదవి విరిచి సంతకం చేశారు. మళ్లీ వానలు రాకపోవు, దిగులుపడకు అని పంతులుగారు రాశారు.

మరుసటి ఏడు పండుగకు అమ్మ సమాధి మూడు పక్కలా సున్నం వేసి, ఉత్తరం పక్కన ఆ చోట జానెడు మేర వదిలేసింది. "ఏందక్కా, సున్నం సాలలేదా?" అని సంఘపోళ్లు అడిగారు. "గది మా బిడ్డది. ఎవ్వరు ముట్టకున్రి" అంది. అందరి సమాధులూ తెల్లగా ఉంటే, బాపుది ఒక్కటే మచ్చతో ఉంది. చూసేవాళ్లకు అది పట్టించుకోనివాళ్ల సమాధిలా ఉంది.

అక్కడ మామూలు నాచు వచ్చింది. ఊదా అంచుది రాలేదు. సున్నం దిగిన చోట అది మళ్లీ వస్తుందని నాకు నమ్మకం లేదు. అమ్మ మాత్రం వానలు తగ్గిన రోజుల్లో చెంబుతో నీళ్లు తీసుకెళ్లి అక్కడ పోసేది. నన్ను కూడా తీసుకెళ్లి భూతద్దం పెట్టి చూడమనేది.

"వచ్చిందా బిడ్డా?"

"వస్తదమ్మా" అనేదాన్ని. ఆమె చెంబులో మిగిలిన నీళ్లు కూడా నెమ్మదిగా అక్కడే పోసేది.